సీసా పట్టుకునే పని

మూతలు బిగించే క్యాపర్‌కి రెండు పిడులు ఉంటాయి. రెండు చేతులతో నొక్కాలి. కింద సీసాని ఇంకొకరు పట్టుకోవాలి, లేకపోతే జారిపోతుంది. మా ఇంట్లో ఆ పని నా భార్య సింధూరది. ఈ స్ట్రాంగ్ బీర్ చలికాలంలో ఇద్దరం కలిసే కాచాం. అది పులిసి తేరేలోపే ఆమె చనిపోయింది.

ఈ రాత్రి బేస్‌మెంట్‌లో ఒక్కడినే కూర్చున్నాను. మొదటి సీసా జారి కాంక్రీటు మీద పగిలింది. తర్వాతది జారలేదు. ఆ తర్వాతదీ జారలేదు. హీటర్ ఆగిపోయిన నిశ్శబ్దంలో మూతలు బిగుసుకుంటున్న చప్పుడే వినిపిస్తోంది. సగం సీసాలయ్యాక గాని నాకు తట్టలేదు, అవి అసలు కదలడం లేదని. నేను కిందికి చూడలేదు. చూస్తే వదిలేస్తుందేమోనని భయం.

మెట్ల పైనుంచి మా అమ్మాయి మాయ పిలిచింది. "నాన్నా, నేను వచ్చి హోల్డ్ చేయనా? అమ్మ చేసేది కదా."

"వద్దమ్మా. పడుకో."

"మరి ఒక్కడివే ఎలా చేస్తున్నావ్?"

మాయ తలుపు వేసుకునేదాకా ఆగి, చివరి సీసాకి మూత బిగించాను. ఇక సీసాలు లేవు.

ఓపెనర్‌తో ఆ మూత ఊడదీసి, కొత్తది పెట్టి, మళ్లీ పిడులు పట్టుకున్నాను.

ఈసారి సీసా కొంచెం ఊగింది.