భుజం మీద బావి

"చాలండి బాబూ, ఆపెయ్యండి."

కుర్చీలో చొక్కా విప్పుకుని కూర్చున్న బంగారయ్య మాట అది. అతని భుజంలోకి సూది దింపుతున్న వీరభద్రరావుకు ఒళ్ళు మండిపోయింది.

"నేర్చుకునేది నువ్వా, నేనా?"

"మీరేనండి. అయినా చాలండి. ఇంకా దిగితే ఊపిరితిత్తికి తగిలేద్దండి."

"ఆయన చెప్పినంతే గుచ్చండన్నయ్యా, పోయేదేముంది?" అంది పక్కనున్న నర్సు కనకవల్లి.

వీరభద్రరావు సూది విసురుగా లాగేశాడు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. కువైట్‌లో, ఫర్వానియాలో ఒక ప్రైవేటు క్లినిక్. డాక్టర్ లియూ అనే చైనా ఆవిడ శుక్రవారాల్లో నర్సులకు ఆక్యుపంక్చర్ నేర్పేది. వీరభద్రరావు అక్కడే మూడేళ్ళుగా కట్లు కడుతున్నాడు. పరీక్ష పాసైతే తలుపు మీద తన పేరుతో ఒక గది ఇస్తామన్నారు. ఇంకా ఇవ్వని ఆ గది గురించి విజయవాడలో ఉన్న భార్యకు ఉత్తరం కూడా రాసేశాడు.

నేర్చుకునేవాళ్ళు గుచ్చడానికి ఎవరిదో ఒక ఒళ్ళు కావాలి కదా. ఆ ఒళ్ళు బంగారయ్యది.

అమలాపురం వైపు మనిషి. అల్ రాయ్‌లో ఒక గోడౌనుకు కాపలాదారు. వారానికి ఉన్న ఒక్క సెలవూ బస్సెక్కి వచ్చి సూదులు గుచ్చించుకునేవాడు. కప్పు టీ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఇంత వెర్రిబాగులవాడు ఎక్కడ దొరికాడా అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

వెర్రిబాగులవాడు నోరు మూసుకుని కూర్చుంటే బాగానే ఉండేది. ప్రతి సూదికీ ఒక సలహా!

ఆ రోజు క్లాసు అయ్యాక డాక్టర్ లియూ వచ్చీరాని హిందీలో చెప్పింది.

"నెల రోజులు మా ఊరు వెళ్తున్నాను. వచ్చాక పరీక్ష. అందాకా శుక్రవారాలు ఇక్కడికే వచ్చి బంగారయ్య మీద గుచ్చండి. ఇంకెవరి మీదా వద్దు."

బంగారయ్య గుమ్మం దాకా వెంటపడ్డాడు.

"రూముల్లో ఎవరికీ గుచ్చకండి బాబూ. భుజం మీద బావి అసలొద్దండి. కావాలంటే కబురెట్టండి, నేనే వచ్చేత్తాను."

భుజం మీద బావి అంటే మెడకూ భుజానికీ మధ్య ఉన్న చోటు. చైనావాళ్ళు దానికి పెట్టుకున్న పేరు అది. పరీక్షలో దాన్ని తప్పకుండా అడుగుతారు.

"ముందు నీ గోడౌను చూసుకోవయ్యా," అన్నాడు వీరభద్రరావు.

మరుసటి శుక్రవారం అతను క్లాసుకు వెళ్ళలేదు. క్లినిక్ వెనక సందులోనే అతని రూము. రూమ్మేటు బుల్లిరాజును కుర్చీలో కూర్చోబెట్టాడు. బుల్లిరాజు రొట్టెల బట్టీలో పని చేసే బక్కపలచటి మనిషి. స్నేహితుడు అడిగితే కాదనడు, నొప్పెట్టినా పైకి చెప్పడు.

ఎంత హాయో! చాలండి అనేవాడు లేడు.

"ఎలా ఉంది?"

"బానే ఉందండి."

ఇంకొంచెం దించాడు.

బుల్లిరాజు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. రొమ్ము పట్టుకుని ముందుకు వంగిపోయాడు. పెదవులు నీలంగా మారుతున్నాయి.

 నర్సు అయ్యుండీ వీరభద్రరావుకు కాలూ చెయ్యీ ఆడలేదు.

క్లాసుకు ఎందుకు రాలేదోనని వెతుక్కుంటూ వచ్చిన బంగారయ్య అప్పుడే తలుపు తోశాడు. ఒక్క చూపు చూశాడు.

"ఊపిరితిత్తికి తగిలేసిందండి! కాళ్ళు పట్టండి! యల్లా, తొరగా!"

టాక్సీలో ఆసుపత్రికి చేర్చారు. అక్కడి డాక్టరు బుల్లిరాజు రొమ్ములోకి గొట్టం వేసి ప్రాణం నిలబెట్టాడు. బయటికి వచ్చాక పోలీసును పిలిచాడు.

"పావుగంట ఆలస్యమైతే ఖలాస్. సూది ఎవరు గుచ్చారు?"

నిజం చెబితే వీరభద్రరావుకు గది పోతుంది. ఉద్యోగం పోతుంది. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతే పోతుంది. 

"నేనే," అన్నాడు బంగారయ్య.

వీరభద్రరావు ఉలిక్కిపడి అతని వంక చూశాడు. 'కాదు, నేను' అనాలి. ఒక్క మాట. అది కూడా అనలేకపోయాడు.

పోలీసు తీసుకుపోతుంటే బంగారయ్య వెనక్కి తిరిగాడు.

"ఇకమీదట పైపైనే గుచ్చండి బాబూ."

బుల్లిరాజు కూడా స్నేహితుడి కోసం నోరు మెదపలేదు. పన్నెండో రోజున బంగారయ్యను విమానం ఎక్కించి పంపేశారు.

నెల తిరిగాక డాక్టర్ లియూ వచ్చింది, పరీక్ష పెట్టింది. వీరభద్రరావు చెయ్యి ఎక్కడా హద్దు దాటలేదు. అందరికంటే ముందు పాసయ్యాడు.

సర్టిఫికెట్ మీద సంతకం పెట్టబోతూ ఆవిడ అడిగింది.

"బంగారయ్య రావడం లేదేం?"

వీరభద్రరావు ఈ జవాబు ముందే సిద్ధం చేసుకున్నాడు.

"దేశం పంపేశారు మేడమ్. రూములో ఎవరికో సూది గుచ్చాడట. ఊపిరితిత్తికి రంధ్రం పడిందట."

ఆవిడ చేతిలోని పెన్ను ఆగిపోయింది.

"ఎక్కడ గుచ్చాడు?"

"భుజం మీద బావిలో."

 ఆవిడ వీరభద్రరావు చేతులకేసే చూసి, సర్టిఫికెట్‌ను రెండుగా చింపింది.

"బంగారయ్య నా మొదటి శిష్యుడు," అంది నెమ్మదిగా, "ఆరేళ్ళ కిందట రూములో సొంత తమ్ముడికి అక్కడే లోతుగా గుచ్చి చేతులారా చంపుకున్నాడు, ఆ రోజు నుంచి సూది ముట్టుకోలేదు."