మన ఉప్పు

సోమవారం భర్త బీపీ చూసి, "మన ఉప్పు సగానికి తగ్గించు," అని హిమబిందు వంటింటికి చెప్పింది. ఆ అపార్టుమెంటులో నలభై వంటిళ్లకూ యంత్రం ఒక్కటే, నోటిమాటే దానికి ప్రోగ్రాం. ఆ మధ్యాహ్నమే అది అన్ని ఇళ్లకూ ఆవకాయ పెట్టింది.

బుధవారం కింది వాటా శైలజాంటీ జాడీతో సహా వచ్చేసింది. "ఏం బిందూ, ఇందులో ఉప్పేదీ? బిల్డింగంతా ఇదే గోల. ఏడాది పచ్చడి బూజు పట్టిపోదూ?"

హిమబిందు నాలిక్కరుచుకుంది. ఒక్కచోటే చెల్లే లోకల్ పేరుతో పోయేదానికి అంతటా చెల్లే గ్లోబల్ పేరు పెట్టొద్దని ముప్ఫయ్యేళ్లు జూనియర్లను కేకలేసి రిటైరైన ప్రోగ్రామరు తను. తీరా తనే "మన" అంది. మన అంటే అందరిదీ. యంత్రానికి తెలుగు బాగానే వచ్చు.

"మన ఉప్పు మామూలుగా వెయ్యి. మా ఉప్పు మాత్రం సగం," అని యంత్రానికి దిద్ది చెప్పి, బిక్కమొహం వేసింది. "మరి పెట్టేసిన పచ్చళ్ల సంగతి, ఆంటీ?"

"ఇవాళ మూడోరోజేగా, ఎలాగూ తిరగకలపాలి. తగ్గిన ఉప్పు ఇప్పుడు వేస్తే సరి."

నలభై జాడీలూ గట్టెక్కాయి. హిమబిందు హమ్మయ్యా అనుకుని కూలబడింది.

లోపల్నుంచి భర్త అన్నాడు: "'మా ఆయన ఉప్పు' అనాల్సింది. నీకెందుకే ఈ చప్పిడి తిండి?"

"చాల్లెండి. ఊరితో 'మా' అన్నాను, సరే. మీతో కూడా 'మీ', 'నా' అనమంటారా?"