బువ్వ కాడ అలక

పెండ్లికొడుకు బువ్వ ముట్టనన్నాడు.

పందిట్లో బంతి మొత్తం ఆగిపోయింది. కొత్త జంట ముందు ఒకటే విస్తరి. పప్పు మీద పోసిన నెయ్యి పేరుకుంటోంది. పెండ్లికొడుకు ఎల్లస్వామి చేతులు ఒళ్లో పెట్టుకుని పందిరి గుంజ వైపు చూస్తున్నాడు. పక్కన సారలమ్మ తల వంచుకుని ఏడుస్తోంది.

బువ్వ దగ్గర అల్లుడు అలగడం ఆ ఊళ్లో కొత్తేమీ కాదు. అలిగిన అల్లుడు తనకేం కావాలో ముందు చెప్పడు. మామే అతని చేతిలో చేయి వేసి, అడిగింది ఇస్తానని మాటివ్వాలి. అప్పుడే నోరు విప్పుతాడు. సారలమ్మ తండ్రి యాకయ్యకు అది తెలుసు.

"చెప్పు గురించే అయ్యుంటది బావా," అని చెవిలో అన్నాడు బామ్మర్ది పోశయ్య.

యాకయ్య అనుమానం కూడా అదే. పొద్దున ఎదుర్కోళ్లప్పుడు డప్పుల మోతకు బెదిరి ఇంటి కుక్క మోతి పందిట్లోకి ఉరికొచ్చింది. పోతూ పోతూ పెండ్లికొడుకు విడిచిన కొత్త చెప్పు నోట కరుచుకుపోయింది. వెతికి తెచ్చేసరికి పట్టీ తెగి ఉంది. మగపెండ్లివాళ్లు గొల్లున నవ్వారు. పెండ్లికొడుకు తల్లి రాజక్క మాత్రం నవ్వలేదు.

"మీ దిక్కు మర్యాదలు కుక్కతోటి చేపిస్తరా అన్నా?" అంది.

యాకయ్యకు తల తీసేసినట్టయింది. అసలు మోతి ఆ రోజు ఉన్న తీరే వేరు. సారలమ్మ తన నలుగులో మిగిలిన పసుపు దానికి పూసి, మెడకు మామిడాకు కంకణం కట్టింది. ముందురోజు తండ్రిని అడిగింది కూడా. పుట్టింటి అరణంగా పాడి ఆవును తోలిస్తానంటే వద్దంది, మోతిని తన వెంట పంపమంది. ఆడపిల్లకు కుక్కను అరణమిచ్చిన తండ్రి ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాడా అని యాకయ్య కసిరాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పసుపు మాత్రం పూసింది.

చెప్పు తెగిన కాసేపటికే యాకయ్య మోతికి తాడు కట్టి పోశయ్య చేతికిచ్చాడు. సడక్ మీద ఆగిన హైదరాబాద్ లారీ ఎక్కించమన్నాడు. పోశయ్య ఉత్త తాడుతో తిరిగొచ్చాడు. ఆలేరు దాటినంక ఎక్కడన్నా దించమని డ్రైవర్‌కు చెప్పానన్నాడు.

పీటల మీదికి వస్తూ సారలమ్మ పందిరి నాలుగు మూలలూ చూసింది. బాయికాడ కట్టేసినం, ఫికర్ చెయ్యకు అని నోటికొచ్చింది చెప్పాడు యాకయ్య. అప్పటినుంచీ ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. అత్తారింటికి పోయే పిల్ల ఏడవకుండా ఉంటుందా అని అమ్మలక్కలు ఊరడించారు.

ఇప్పుడు చూస్తే అల్లుడు ఇట్లా కూర్చున్నాడు.

"కొత్త చెప్పులు తెప్పిస్త అల్లుడా," అన్నాడు యాకయ్య.

ఎల్లస్వామి తల అడ్డంగా ఊపాడు. చేతిగడియారమా అన్నారు పెద్దమనుషులు. కాదు. రేడియోనా? అదీ కాదు. సైకిల్ అనంగనే మీసం కదిలిందని బంతిలో ఎవరో అంటే అందరూ నవ్వారు. ఎల్లస్వామి నవ్వలేదు.

యాకయ్య రాజక్క వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు చెల్లె."

"నాకేమెరుక అన్నా? నాకూ చెప్తలేడు." ఆమె ముఖంలో కూడా కంగారే ఉంది.

బువ్వ చల్లారిపోయింది. మగపెండ్లివాళ్లు ఖిలా వరంగల్ పోవాల్సిన బండ్లు బయట కట్టి ఉన్నాయి. ఇంకా ఎంతసేపు, చేయి వెయ్యి అని పెద్దమనుషులు తొందరపెట్టారు. ఏదడిగితే ఏముంది, వరంగల్ బజార్లో దొరకని వస్తువు ఉంటుందా అని యాకయ్య మనసుకు చెప్పుకున్నాడు. అల్లుడి ముందు గొంతుక్కూర్చుని అతని చేతిలో చేయి వేశాడు.

"ఏమడిగినా ఇస్త. కాదంటె నా బిడ్డ మీద ఒట్టు."

ఎల్లస్వామి ముఖం తేటపడింది. ఒకసారి సారలమ్మను చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"తలంబ్రాలు పోసేటప్పుడు, ఎందుకేడుస్తున్నవని అడిగితె చెప్పింది మామా. మోతిని బాయికాడ కట్టేసిండ్రట గద, జర విప్పుకరాండ్రి, మా బండిల ఎక్కించుకపోత."