దిగని ప్రయాణికురాలు

“ఇద్దరికా మేడం?” అని అడిగాడు ఓంప్రకాశ్.

“ఒక్కదానికే,” అంది మంజుల.

కరీంనగర్ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ట్రావెల్స్ ఆఫీసులో షిర్డీకో కాశీకో టికెట్లు అడిగేవాళ్లే తప్ప, సముద్రం మీద తిరిగొచ్చే ఓడకు అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. ఓంప్రకాశ్‌కు హుషారు వచ్చింది. ఆమె మెడలో నల్లపూసలు చూసి ఏదో అడగబోయి, మానుకుని, కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పాడు.

“గీ పెద్ద ఓడ సూడుండ్రి. కొత్తది. ఈతకొలను, సిన్మా హాలు, అన్నీ లోపట్నే. ముంబైల ఎక్కితే కొచ్చి, లక్షదీవులు తిప్పుకొస్తది.”

మంజుల చూసింది. ఓడ తెల్లగా, పెళ్లిమంటపంలా వెలిగిపోతోంది.

“ఇంకోటి ఉన్నదట గద. నీలవేణి అని.”

“అదా? అది పాతది మేడం. రూములు ఇరుకు. పోయొచ్చినోళ్లు ఒకటే గులుగుడు.”

“అదే కావాలె.”

ఓంప్రకాశ్ తల గోక్కున్నాడు. పోనీ ఆ ఓడలోనే మంచి గది ఇప్పిద్దామనుకున్నాడు.

“బాల్కనీ ఉన్న రూము తీసుకోండ్రి. పొద్దుగూకంగ సముద్రం సూస్తుంటే పాణం లేసొస్తది.”

“కిటికీ లేకున్నా నడుస్తది. టిఫిన్లు ఏడ పెడ్తరు?”

“పైన అయితే మనమే ఏసుకునుడు. కింది హాలుల కూసుండబెట్టి వడ్డిస్తరు.”

“కింది హాలుకు దగ్గర్ల ఇయ్యండ్రి.”

తిండి మీద మనసున్న మనిషే అనుకుని ఓంప్రకాశ్ నవ్వాపుకున్నాడు. ఓడ ఆగినచోటల్లా దిగి తిరగడానికి వేరే బుకింగ్ ఉంటుందని చెప్పాడు. కొచ్చిలో ఒడ్డున నిలబెట్టి చేపలు పట్టే చైనా వలలు, మిరియాల బజారు. లక్షదీవుల్లో అడుగున అద్దం బిగించిన పడవ. ఆ అద్దంలోంచి కిందికి చూస్తే పగడాలు, రంగురంగుల చేపలు. తనెన్నడూ చూడకపోయినా, నిన్ననే వచ్చినవాడిలా కళ్లు పెద్దవి చేసి వర్ణించాడు.

“ఏది రాయాలె మేడం?”

“ఏదీ వద్దు. నేను దిగ.”

“దిగరా! అందరు దిగుతరు మేడం. ఓడంత ఖాళీ అయితది. మీరొక్కరే మిగుల్తరు.”

“మంచిదే.”

ఓంప్రకాశ్ డబ్బు కట్టించుకున్నాడు. టికెట్ చేతికిస్తూ, “సముద్రం నడుమ ఫోన్లు కలువయి. ఇంట్ల చెప్పి పోండ్రి,” అన్నాడు.

“ఎరికే,” అంది మంజుల. టికెట్ సంచిలో పెట్టుకుంటూ, “చెప్పనీకె ఇంట్ల ఎవ్వరు లేరు,” అంది.

మంజుల రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. మంకమ్మతోటలో ఒంటిగది. సాయంత్రం వచ్చి ముందు టీవీ పెడుతుంది. చూడదు. ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుందని పెడుతుంది. ఆదివారం మానేరు డ్యాం కట్ట మీదికి వెళ్లి, మక్క కంకులు తింటూ ఫొటోలు దిగే సంసారాల మధ్య ఒక చివర కూర్చుని నీళ్లను చూసి వస్తుంది.

ఆమె ప్రయాణం సంగతి విని, ల్యాబులో ఆమెతో పనిచేసే శ్యామల నోరు తెరిచింది.

“ఒక్కదానివే పోయి సముద్రంల ఏం జేస్తవే? మాతోని కొండగట్టుకన్న రారాదు?”

“కొండగట్టు ఏడికి పోతది? వచ్చినంక పోదాం తియ్యి.”

మంజుల కొత్త చీర కొనుక్కుంది. దానికి రవిక కుట్టించుకుంది. ముంబై రైలెక్కింది.

ఓడెక్కిన సాయంత్రం కింది హాలు కిటకిటలాడుతోంది. నలుగురు కూర్చునే బల్ల దగ్గర మంజుల ఒక్కతే కూర్చుంది. “ఎవరైనా వస్తారా?” అని హిందీలో అడిగి ఒకాయన ఒక కుర్చీ తీసుకుపోయాడు. ఇంకొకామె వచ్చి రెండోది పట్టుకుపోయింది. మూడోదాని మీద మంజుల తన సంచి పెట్టింది. వడ్డించేవాళ్లందరి వంకా ఒక్కొక్కరిగా చూసింది. రెండు ముద్దలు తిని గదికి వెళ్లిపోయింది.

మూడోనాడు పొద్దున కొచ్చి వచ్చింది. టోపీలు పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని జనం వరుస కట్టారు. పైనుంచి మంజుల వాళ్లందరూ దిగిపోయేదాకా చూసింది. కొత్త చీర కుచ్చిళ్లు సవరించుకుని కింది హాలుకు వెళ్లింది.

హాలంతా ఖాళీ. తలుపు దగ్గర సూపర్‌వైజర్ గ్లాసులు సర్దుకుంటున్నాడు. మంజుల గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చుంది.

వంటింటి తలుపు తోసుకుని కెటిల్ పెట్టిన ట్రేతో వచ్చిన వెయిటర్ ఆమెను చూసి ఆగిపోయాడు. ట్రేలో కప్పులు గలగలమన్నాయి. సూపర్‌వైజర్ తలెత్తాడు. వెయిటర్ గబగబా నడిచి వచ్చాడు.

“గుడ్ మార్నింగ్ మేడం. టీ ఆర్ కాఫీ?”

“చాయ్,” అంది మంజుల. ఎదుటి కుర్చీ చూపించి, “జర కూసో,” అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. “సారీ మేడం. స్టాఫ్ కూర్చోకూడదు.”

మంజుల తల వంచుకుంది. ఒంటరిగా వచ్చినవాళ్లు ఇంతే, మాట కోసం ఎవరినైనా పిలుస్తారు అన్నట్టు సూపర్‌వైజర్ జాలిగా నవ్వి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు.

తలుపు మూసుకోగానే, కప్పు నిండినా కెటిల్ దించకుండా అలాగే వంగి, పెళ్లయిన నెలకే ఈ ఓడలో కొలువుకెక్కి, సెలవు దొరక్క మళ్లీ ఇల్లు చూడని ఆమె మొగుడు అంబదాస్ పెదవి కదలకుండా అడిగాడు: “ఎట్లున్నవే మంజులా?”