ఎడమవైపు లైటు

అక్కా, కోడి గెలికినట్టున్న నా రాత చూసి నవ్వకు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

పెళ్ళయినప్పటి నుంచీ ముక్తసరిగా మాట్లాడే మీ మరిది, ఆదివారాలు కారుకి ఎల్‌ఈడీ లైట్లు సొంతంగా బిగించడం మొదలుపెట్టాక నోరు విప్పారు. టార్చి పట్టేది నేనే.

“బల్బుకి పట్టవే, నా ముక్కుకి కాదు!” అంటూ బోలెడు కబుర్లు.

పని అయిపోతే మాటలూ అయిపోతాయని నాకు బెంగ. ప్లగ్గు తిరగేసి గుచ్చితే ఎల్‌ఈడీ వెలగదని ఆయనే చెప్పారు. అందుకే, ఆయన టీ తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడల్లా ఎడమ లైటు ప్లగ్గు తిప్పేసేదాన్ని.

నిన్న పాపమనిపించి ముట్టుకోలేదు. అయినా వెలగలేదు!

“ఇంకో ఆదివారం పట్టేట్టుందోయ్,” అన్నారు, బానెట్ కింద నవ్వు దాచుకుంటూ.

చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పడెయ్. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిస్తే, ఆ లైటు కాస్తా వెలిగిపోతుంది.