తొడ ఎముక చివర

"త్వరగా కానీ నాయనా, ఎముకల మీద ఎండ పడకూడదు," అంది మియెన్ అవ్వ మళ్ళీ. అమెరికావాళ్ళతో యుద్ధంలో పోయిన కొడుకు సమాధి ఇన్నాళ్ళకు దొరికింది. ఎముకలు కడిగించి ఊళ్ళో మళ్ళీ పూడ్చుకోవాలని ఆమె ఆరాటం.

ఎముకలు కడిగే పనివాడు థువాన్ తొడ ఎముక కడుగుతూ ఆగిపోయాడు.

"పోయేనాటికి ఎన్నేళ్ళవ్వా?"

"పదహారు. పద్దెనిమిదని చెప్పి సైన్యంలో చేరాడు, దొంగ వెధవ."

థువాన్ గొంతు తగ్గించాడు. "ఆ వయసులో మోకాలి దగ్గర ఇంకా లేత ఎముకే ఉంటుంది. మట్టిలో అది కరిగిపోయి, చివరి ముక్క విడిగా వస్తుంది. ఇది అతుక్కుపోయింది. ఎదిగిన మనిషిదవ్వా."

"తెలుసు. నావాడికి ముందుపన్ను విరిగింది. ఇతనికి అన్నీ ఉన్నాయి."

ఆమె చెంబుతో నీళ్ళు పోసింది.

"కడుగు. నావాణ్ణి కూడా ఎవరో ఒక తల్లి కాదనకుండా తీసుకుపోయే ఉంటుంది."