ఓనరమ్మ

నూనె గానుగ పెట్టుకోవడానికి సర్కారు లోను అడుగుదామని నల్లమాడ నుంచి వచ్చిన గంగాదేవి, పరిశ్రమల ఆఫీసులో గుమాస్తా జయరాంకు తన ఆధార్ కార్డు ఇచ్చింది. నంబరు కంప్యూటర్లో కొట్టగానే అతను లేచి ఆమెకు కుర్చీ జరిపాడు.

"కూచోండి మేడం. మీకు లోనెందుకు? సర్కారు పంపుల ఫ్యాక్టరీకి మూడేండ్లుగా బోల్టులు చేసిచ్చే కంపెనీ మీదే కదా!"

"నాకు కంపెనీ యాడిది సార్? నేను ఆ ఫ్యాక్టరీలో బాత్రూములు కడుగుతాండా. గేటు పాసుకని ఆధార్ తీసుకుని, వేలిముద్ర ఏయించుకున్యారు. అంతే."

జయరాం మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు.

"సర్కారు ఫ్యాక్టరీలు ఆడోళ్ల చిన్న కంపెనీల దగ్గర కొంత సరుకు కొనల్లని రూలమ్మా. అందుకే నీ పేరు పెట్టుకున్యారు. కంపెనీ ఉండేవాళ్లకు ఈ లోను రాదు."

"అయితే నా పేరు తీసేయమని చెప్పు సార్. గానుగకు జాగా కూడా చూసుకున్యా."

అతను ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు చెప్పిందంతా విని, ఆమె వైపు చూడకుండా పెట్టేశాడు.

"పేరు తీయరంట. తనిఖీకి వచ్చినోళ్లు చూస్తే, ఓనరమ్మ బాత్రూములు కడగడం బాగుండదంట. రేపట్నుంచి నిన్ను పనికి రావద్దన్యారు."